బంక పెట్టిన ఊరు

రండర్రా, ఇలా దగ్గరగా జరగండి. ఆ గుమ్మంలో నిలబడ్డావిడ కూడా లోపలికి రావాలి, అక్కణ్ణుంచి వింటే సగం మాటలు వీధిలోకే పోతాయి. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చినవాళ్ళుంటే వెళ్ళి మంట తగ్గించి రండి, మధ్యలో లేస్తే మళ్ళీ మొదటినుంచీ చెప్పను. ఇది గవ్వలపేట హైమావతి టీచర్ కథ. వాన లేదు, వరద లేదు, భూకంపం లేదు, గోడ మీద సున్నం పెచ్చైనా రాలలేదు. అయినా పట్టపగలు ఆవిడ ఇల్లు లేకుండా పోయింది. నవ్వుకోండి, ఫరవాలేదు. ఇప్పుడైతే ఆవిడా నవ్వుతుంది. అప్పుడు మాత్రం నవ్వలేదు.

గవ్వలపేట సముద్రం పక్క ఊరు. పెద్ద ఊరేం కాదు గానీ మునిసిపాలిటీ ఉంది. హైమావతి అక్కడి ఆడపిల్లల హైస్కూల్లో హిందీ చెప్పి రిటైరైంది. గట్టి గొంతు, చురుకు చెయ్యి, పొగిడితే కరిగిపోయే మనసు. మొగుడు గవర్రాజు కో-ఆపరేటివ్ స్టోర్సులో పనిచేసి, ఆవిడకంటే ముందే ఇంట్లో కూర్చుని, వీధరుగు మీద పేపరు చదువుతూ దారిన పోయేవాళ్ళకి అందులో లేని వార్తలు కూడా చెప్పే మనిషి.

రిటైరైన ఏడు హైమావతి అటక దులుపుతుంటే పెద్దకూతురి పిల్లలు చిన్నప్పుడు ఆడి వదిలేసిన ప్లాస్టిక్ ఇటుకల గోనెసంచి దొరికింది. మీకు తెలుసుగా, పైన బొడిపెలుంటాయి, కింద కన్నాలుంటాయి, ఒకదాని మీద ఒకటి నొక్కితే టిక్కుమని పట్టుకుంటాయి. అంగన్‌వాడీకి ఇచ్చేద్దామని కిందికి దింపింది. ఇచ్చేముందు ఒకసారి ఒక ముక్క మీద ఇంకో ముక్క నొక్కి చూసింది. టిక్కుమంది. ఇంకోటి నొక్కింది. మళ్ళీ టిక్కు. గవర్రాజు భోజనానికి లేచి వచ్చేసరికి పొయ్యి వెలగలేదు, గదిలో మాత్రం కోట లేచింది.

"బళ్ళో ఉన్నన్నాళ్ళూ పిల్లల చెవులు మెలిపెట్టావు, ఇప్పుడు ఇటుకల వెంటపడ్డావుటే హైమా! అన్నం సంగతేమిటి?" అన్నాడు.

"ఇదిగో, ఈ బురుజు కాగానే."

"బురుజు తినలేం కదే."

అంతే, అక్కణ్ణుంచి పిచ్చి ముదిరింది. ఫోనులో వీడియోలు చూసింది. ఎక్కడెక్కడో ఊళ్ళల్లో తనలాంటి పెద్దవాళ్ళు, ఆడా మగా, ఇదే పని మీద ఉన్నారని తెలిసి వాళ్ళ గుంపులో చేరింది. వాళ్ళ దగ్గర ఈ ఆటలోని ఒడుపులన్నీ పట్టింది. ఇటుకను పక్కకు తిప్పి పేరిస్తే బొడిపెలు కనబడకుండా గోడ నున్నగా వస్తుంది. అర బొడిపె జరిపి పెడితే కిటికీ లోపలికి ఒదుగుతుంది. చిన్న గుండ్రటి ఇటుకలు కలిపి పేరిస్తే గోడ వంపు తిరుగుతుంది. అన్నిటికంటే హైమావతికి నచ్చింది ఇంకోటుంది. ఈ ఆటలో చెయ్యి తిరిగినవాళ్ళు ఏ ముక్కనీ దాని పుట్టుపేరుతో వాడరు. బొమ్మ పెనాన్ని బోర్లిస్తే వీధిదీపం గొడుగు. అరటిపండు ముక్కల్ని వరసగా గుచ్చితే సినిమాహాలు చూరు నగిషీ. కప్ప బొమ్మల్ని నాలుగు వైపులా కూర్చోబెడితే స్తంభం మీద చెక్కిన పని. దూరం నుంచి చూసినవాడికి కప్ప కనబడకూడదు, శిల్పమే కనబడాలి. అదీ గొప్ప.

ఇంకా రెండు కట్టుబాట్లున్నాయి. ఇళ్ళకి వెనకగోడ పెట్టరు, లోపల మంచాలూ కుర్చీలూ కనబడాలిగా. బంక అసలు ముట్టరు. ఇవాళ కోట అయింది రేపు వంతెన కావాలి, బంక పెడితే ఇటుక చచ్చినట్టే అంటారు.

ఇలా ఉండగా ఊరికి కమిషనర్ నిరంజనరావు గారొచ్చారు. చాలా మంచాయన. ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగడు. నిబంధనంటే ప్రాణం పెడతాడు. ఆయనకున్న చెడ్డ అలవాటల్లా ఒకటే, శిక్షణ తరగతులకు వెళ్ళి అక్కడ చెప్పింది వినడం. మిగతా ఆఫీసర్లు వెళ్తారు, భోంచేస్తారు, కునుకు తీసి సర్టిఫికెట్టుతో వస్తారు. ఈయన మాత్రం నమ్మి వస్తాడు. ఓసారి వెళ్ళి వచ్చి చెత్తబండ్లకు సంగీతం పెట్టించాడు. ఈసారి రాజధానిలో పెద్దపెద్ద ఆఫీసర్లందర్నీ చాపల మీద కూర్చోబెట్టి ప్లాస్టిక్ ఇటుకలతో ఆడించారట. దానికి సృజనాత్మక నిర్మాణ చింతన అని పేరు. నిరంజనరావు గారు కళ్ళల్లో వెలుగుతో తిరిగొచ్చారు.

వచ్చీ రాగానే ఊళ్ళో ఈ విద్య తెలిసినవాళ్ళెవరని వాకబు చేసి, టౌన్ ప్లానింగు భీమేశాన్ని వెంటబెట్టుకుని హైమావతి గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు.

"పురపాలక సంఘ పక్షమున, పౌర భాగస్వామ్య సహితముగా, గవ్వలపేట సమగ్ర సృజనాత్మక నమూనా నిర్మాణము గావింప సంకల్పించితిమి. ఇందు నిమిత్తము తమ సేవలు వినియోగించుకొనుటకు మాకు మిక్కిలి సంతోషము" అన్నారు.

గవర్రాజు పేపరు దించి, "అంటే ఏంటండీ?" అన్నాడు.

"బొమ్మల ఊరు కట్టాలండి" అన్నాడు భీమేశం. ఈ భీమేశం హైమావతి ఇంటికొచ్చి హిందీ ట్యూషను చెప్పించుకున్నవాడే. హిందీ రాలేదు, ఉద్యోగం వచ్చింది.

హైమావతి మొహం చూడాలి అప్పుడు! పేలాల బుట్టలా విచ్చుకుంది. ఆఫీసువాళ్ళు బస్తాలకి బస్తాలు ఇటుకలు తెప్పించారు. మునిసిపాలిటీ మీటింగు హాల్లో బల్లలన్నీ ఒకచోటికి జరిపి, వాటిమీద ఊరు కట్టడం మొదలెట్టింది. రైలు గేటు, సినిమాహాలు, ఆసుపత్రి, లైబ్రరీ, చేపల మార్కెట్టు, సుబ్బాయమ్మ ఇడ్లీ హోటలు, అన్నీ ఉన్నది ఉన్నట్టు లేచాయి. దారిన పోయేవాళ్ళు కిటికీల్లోంచి తొంగిచూసి, "అదిగో మన సందు! అదిగో మన మేడ! టీచరమ్మగోరూ, మా ఇంటి ముందు స్కూటరు కూడా పెట్టండే!" అని బతిమాలేవారు. ఎవరి కోరిక వాళ్ళకి తీర్చింది.

ఆ ఆటలో ఇంకో ఆనవాయితీ ఉంది. కట్టినవాళ్ళ సొంత ఇల్లు అందరికంటే చివర్న పెడతారు. హైమావతి తన ఇంటిని విడిగా చేసి, ఎర్ర పెంకులూ నీలం తలుపూ వీధరుగూ అన్నీ అమర్చి, సంచీలో పెట్టుకుంది. ఊళ్ళో దాని చోటు ఖాళీగా ఉంచి, భోంచేసి వచ్చి తీరిగ్గా టిక్కుమనిపిద్దామని ఇంటికెళ్ళింది. పెసరట్టు తిని, కాసేపు నడుం వాల్చి వచ్చింది.

వచ్చేసరికి హాలంతా ఘాటు వాసన. భీమేశం ముక్కుకి తువ్వాలు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒరేయ్ భీమేశం, ఏం చేశావురా?"

"బంక పెట్టించానండి."

"బంకా!" ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. "బంక పెట్టకూడదురా! ఈ ఆటలో బంక మహాపాపంరా!"

"ఆర్డరండి. సిమెంటు లేకుండా ఇటుక మీద ఇటుక పేరిస్తే అది తాత్కాలిక కట్టడం కిందికొస్తుందంట. తాత్కాలిక కట్టడాన్ని ఛైర్మన్ గారు ప్రారంభించకూడదంట. అందుకని శాశ్వతం చేసేశాం."

"మరి మా ఇల్లేదిరా?"

"ఏదండి?"

"ఇక్కడ! చేపల మార్కెట్టు వెనక సందులో ఖాళీ ఉంచానుగా!"

"అదా అండీ! బోడిగా ఉందని కొబ్బరిచెట్టు పాతేశానండి. చూడండి, ఎంత పచ్చగా ఉందో."

లాగి చూసింది. చెట్టు కదల్లేదు. గొడవ పెట్టాలనే అనుకుంది. కానీ అప్పటికే మైకు ఊదుతున్నారు, దండలొచ్చాయి, ఛైర్మన్ గారొచ్చారు. శాలువా కప్పి, "గవ్వలపేట గర్వించదగ్గ శిల్పి" అని మైకులో అన్నారు. ఆ మాట రెండోసారి కూడా అన్నారు. హైమావతి కరిగిపోయింది. ఒక్క బొమ్మ ఇల్లే కదా, పోనీలే అనుకుంది. నలుగురిలో శాలువా కప్పాక కొబ్బరిచెట్టు గురించి ఎవరు పోట్లాడతారు చెప్పండి?

పోట్లాడాల్సింది. ఎందుకంటే ఆ మర్నాడే కమిషనర్ గారు కౌన్సిల్లో తీర్మానం పెట్టారు. "ఇన్నాళ్ళూ ఊరు ముందు పుట్టి ప్లాను తరువాత వచ్చుటచే సకల అనర్థములూ కలుగుచున్నవి. ఇప్పుడు మనకు సర్వాంగసుందరమైన శాశ్వత నమూనా కలదు. దానిని సవరించుట బంక కారణముగా అసాధ్యము. కావున నమూనాకూ వాస్తవమునకూ ఎచ్చట భేదము కనిపించినను, వాస్తవమును సవరించవలెను. నమూనాయే గవ్వలపేట. గవ్వలపేట అనగా నమూనాయే." సభ్యులందరూ బల్లలు చరిచారు. బొమ్మ ఊళ్ళో అందరి మేడలూ ఉన్నాయి మరి, చరచక ఏం చేస్తారు?

ముందు వీధిదీపాల మీద పడ్డారు. బొమ్మ ఊళ్ళో దీపాలకి గొడుగులేమిటో భీమేశం భూతద్దం పెట్టి చూశాడు. పెనాలు. ఇంకేముంది, నిచ్చెనలేసుకుని స్తంభం స్తంభానికీ పెనాలు వేలాడదీశారు. ఉన్నవి చాలక హోటళ్ళమీద పడ్డారు. సుబ్బాయమ్మ కొప్పు ముడేసుకుంటూ హైమావతి ఇంటిమీదికి వచ్చింది.

"ఏమ్మా టీచరమ్మా, ఇదేం బొమ్మలాటమ్మా తల్లీ! మా హోటలు పెనం తీసుకెళ్ళి కరెంటు స్తంభానికి కట్టారు. అడిగితే సిల్పం అంటున్నాడు ఆ భీమేసం. నేనిప్పుడు దోసెలెక్కడ పొయ్యాలి? స్తంభమెక్కి పొయ్యనా?"

"నేను పెనమని పెట్టలేదు సుబ్బాయమ్మా, గొడుగని పెట్టాను."

"గొడుగు కావాలంటే గొడుగే పెట్టాలమ్మా! పెనం పెట్టి గొడుగంటే ఆఫీసోళ్ళకేం తెలుస్తాది?"

హైమావతి లోపలికెళ్ళి తన పెనం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

తర్వాత లైబ్రరీ. స్తంభాల మీద కప్పలుండాలి. చెరువు గట్లన్నీ గాలించి కప్పల్ని తెచ్చి పైన కూర్చోబెట్టారు. కప్ప కూర్చుంటుందా? దూకేది. దూకినదాన్ని పట్టి మళ్ళీ ఎక్కించడానికి ఓ అటెండర్ని వేశారు. పుస్తకం ముట్టనివాళ్ళు కూడా ఆ వేడుక చూడ్డానికి లైబ్రరీకి రావడం మొదలెట్టారు. దాంతో పఠనాసక్తి ప్రజ్వరిల్లినదని పై ఆఫీసుకి రిపోర్టు వెళ్ళింది. సినిమాహాలు చూరుకి అరటిపళ్ళ గెలలు కట్టారు. కొండమీది కోతులన్నీ దిగాయి. బొమ్మ ఊళ్ళో కోతులు లేవు కాబట్టి, అనుమతి లేకుండా ఊళ్ళోకి ప్రవేశించినందుకు సంజాయిషీ ఇమ్మని కోతులకి నోటీసు రాసి హాలు గోడకి అంటించారు. కోతులు దాన్ని చింపి తిన్నాయి. నోటీసు అందినట్టు భీమేశం సంతకం పెట్టాడు.

ఇంకా వినండి. బొమ్మ ఊళ్ళో మనుషులందరూ నవ్వుమొహాలే. ఏడుపుమొహం ముక్క అసలు రాలేదు బస్తాల్లో. అందుకని, "పురవీధులయందు పౌరులెల్లరూ మందహాస వదనులై సంచరింపవలెను" అని దండోరా వేయించారు. పన్ను పీకించుకుని బుగ్గ వాచి వస్తున్న ముసలాయన్ని ఆపి నవ్వమన్నారు. చందాల వాళ్ళూ, చీటీల వాళ్ళూ, పెళ్ళివారూ, చావువారూ అందరూ ఇకిలిస్తూ తిరిగారు. ఊరికి కొత్తగా వచ్చిన బంధువులు, ఈ ఊరివాళ్ళకి మనమంటే ఎంత అభిమానమో అనుకుని ఇంకో వారం ఉండిపోయేవారు.

గవర్రాజుకైతే పండగ. అరుగు మీద కూర్చుని, "మా ఆవిడ కట్టిన ఊరండీ ఇది. కుళాయి బదులు బొమ్మ చెయ్యి పెట్టింది, చూసుకోండి, రేపు మీ చేతులు పట్టుకెళ్తారు" అని దారిన పోయేవాళ్ళని బెదిరించేవాడు. హైమావతి తలొంచుకుని నవ్వేది. పెనాలు చూసినప్పుడు సిగ్గేసేది, పేరు వింటే సంబరమేసేది. రెండూ కలిసి ఉండేవి.

అప్పుడొచ్చింది ఆవిడ గుమ్మానికి నోటీసు.

భీమేశమే తెచ్చాడు. నవ్వుమొహంతోనే తెచ్చాడు, వీధిలో ఉన్నాడుగా. "నమూనాయందు సదరు స్థలమున కొబ్బరివృక్షము మాత్రమే గోచరించుచున్నది. గృహము గోచరించుట లేదు. లేని గృహమునందు మీరు నివసించుట నిబంధనలకు విరుద్ధము. పై శుక్రవారము లోపల మీ గృహమును లేకుండా చేసికొని, కొబ్బరివృక్షము నాటవలెను. లేనియెడల మేమే లేకుండా చేయుదుము."

గవర్రాజు చదివి, మడిచి పేపరు కింద పెట్టాడు. అరుగు మీద ఆయన మాట ఆగిపోవడం ఆ వీధివాళ్ళు అదే మొదలు చూడటం.

హైమావతి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఆఫీసుకి పరుగెత్తింది. అక్కడ కమిషనర్ గారి గదికి వెనకగోడ లేదు. బొమ్మ ఊళ్ళో ఏ ఇంటికీ వెనకగోడ లేదుగా! ఊరందరి గోడలూ పడగొట్టేముందు తన ఆఫీసుతోనే మొదలెట్టారాయన. అంత న్యాయమైన మనిషి. ఆ గోడ పోయిన చోటునుంచి మేకలొచ్చి బల్ల పక్కన ఫైళ్ళు నములుతున్నాయి. కమిషనర్ గారు ఓ చేత్తో మేకని తోస్తూ, ఇంకో చేత్తో సంతకాలు చేస్తున్నారు.

"సార్, ఊరు కట్టింది నేను. నా ఇల్లే లేదంటారేమిటి? ఆ చెట్టు పీకి మా ఇల్లు పెట్టండి, సరిపోతుంది!"

"అమ్మా, పీకుటకు వీలు లేదు. బంక."

"గోరువెచ్చటి నీళ్ళు పోసి మెల్లగా ఊడదీస్తాను."

"శాశ్వత కట్టడమును ఊడదీయుట నేరము. అదిగాక వృక్షము. వృక్షమును తొలగించుటకు అటవీశాఖ వారి అనుమతి కావలెను."

"అది ప్లాస్టిక్ చెట్టండీ!"

"నమూనాయే వాస్తవమని తీర్మానించితిమి. కావున అది చెట్టే" అన్నారాయన ఓపిగ్గా, పిల్లకి ఎక్కం చెప్పినట్టు.

"మరి మేము? పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లోనే ఉన్నాం కదండీ. మేమెక్కడికి పోవాలి?"

నిరంజనరావు గారు నిజంగానే బాధపడ్డారు. లేచి, హాల్లోకి తీసుకెళ్ళి, నమూనా అంతా వెతికి చూశారు. "ఇదిగో, రైలు గేటు దగ్గర సంచీ పట్టుకున్న ఒక స్త్రీ కలదు. అది తామే అనుకొనుటకు అభ్యంతరము లేదు. తాము అచ్చట నిలబడవచ్చును. తమ భర్త మాత్రము ఎచ్చటనూ కనిపించుట లేదు. విచారించుచున్నాను."

అంతకంటే దయగా ఆయనకి మాట్లాడ్డం రాదు.

ఇంటికొచ్చేసరికి గవర్రాజు కుర్చీ ఎక్కి గోడ గడియారం దింపుతున్నాడు. ఆవిణ్ణి చూసి, దింపిందాన్ని మళ్ళీ మేకుకి తగిలించి, దుమ్ము తుడుస్తున్నట్టు నటించాడు. హైమావతి ఏమీ చూడనట్టే వంటింట్లోకెళ్ళింది. గిన్నెలు కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. ఈ వంటింట్లోనే పెద్దపిల్లకి మొదటి అన్నం ముద్ద పెట్టింది, ఈ కిటికీలోంచే సముద్రపు గాలి వచ్చి పొయ్యి ఆర్పేస్తే రోజూ తిట్టుకుంది. బయట పెరట్లో జామచెట్టుకి పిందెలు పడుతున్నాయి. చేతులారా ఊరందరికీ ఇళ్ళు పెట్టి, తన చోటు ఖాళీగా ఉంచుకుని, ఆ ఖాళీలో చెట్టు పాతినవాణ్ణి శాలువా చూసి క్షమించేసింది. ఏడుపొచ్చింది. వీధివైపు కిటికీ మూసి మరీ ఏడ్చింది, బయటికి కనబడితే అదో నేరం.

గవర్రాజు గుమ్మంలో నిలబడి, "పోనీలేవే. చెట్టు పాతుతారుగా, కొబ్బరిబొండాలకి ఢోకా లేదు" అన్నాడు.

ఇంతలో ఊళ్ళో ఇంకో ఆర్భాటం. రాజధానిలో ఆదర్శ పట్టణాల ప్రదర్శన పెట్టారు, గవ్వలపేటకి మొదటి బహుమతి ఇచ్చారు, నమూనాని పంపమని తాఖీదు వచ్చింది. బహుమతి అనగానే కమిషనర్ గారు మరేమీ ఆలోచించలేదు. మామూలుగా ఈ ఆటవాళ్ళు ఊరిని వీధులు వీధులుగా విడదీసి, పెట్టెల్లో సర్దుకుని వెళ్తారు. బంక పెట్టాక విడుతుందా? మొత్తం ఊరిని ఒకే చెక్కగా, ఆఫీసుకి లేని ఆ వెనకగోడ లోంచి ఎత్తించి, పెద్ద లారీకెక్కించి, తాళ్ళు కట్టి, పూలదండ వేసి సాగనంపారు. ఊరివాళ్ళందరూ నవ్వుతూ చేతులూపారు, తప్పదుగా. లారీ రైలు గేటు దాటింది.

అది గురువారం. శుక్రవారం పొద్దున్నే పొక్లెయినరు యంత్రం చేపల మార్కెట్టు వెనక సందులోకి గుర్రుగుర్రుమంటూ వచ్చింది. వెనక కమిషనర్ గారి జీపు. సందంతా జనం. హైమావతి నీలం తలుపుకి అడ్డంగా నిలబడింది. గవర్రాజు పక్కన నిలబడ్డాడు, చేతిలో పేపరు నలిపేస్తూ. సుబ్బాయమ్మ అట్లకాడ పట్టుకొచ్చింది. ఎందుకు తెచ్చిందో ఆవిడకీ తెలీదు.

"అడ్డు తొలగుడు. ఈ ఇల్లు లేదు" అన్నారు కమిషనర్ గారు మర్యాదగా.

"ఉందండీ. అదుగో తలుపు. తట్టి చూడండి."

"తట్టుటకు అది ఉండవలెను గదా." ఆయన యంత్రం వాడివైపు చెయ్యెత్తి, అంతలోనే దించారు. ఎంతైనా పద్ధతిగల మనిషి. "భీమేశ్వరరావ్! నిబంధన ప్రకారము తొలగింపునకు పూర్వము నమూనాతో స్థలమును సరిచూడవలెను. పోయి సరిచూచి రమ్ము."

భీమేశం కదల్లేదు. తల గోక్కున్నాడు.

"ఏమి?"

"నమూనా లేదుగదండి సార్. నిన్న మీరేగా దండేసి పంపారు. రాజధానిలో ఉంది."

"ఏది?"

"నమూనా అండి. ఊరండి."

హైమావతి ఆ మాట విని భీమేశం వైపు తిరిగి చూసింది. బళ్ళో తెలివితక్కువ జవాబు చెప్పిన పిల్లాడి నోటినుంచి అనుకోకుండా సరైన ముక్క రాలినప్పుడు ఆవిడ చూపు ఎలా మెరిసేదో, అలా మెరిసింది.

"సార్, గవ్వలపేట అంటే ఏమిటండీ?" అంది మెల్లగా.

"నమూనాయే గవ్వలపేట" అన్నారాయన వెంటనే.

"నమూనా ఎక్కడుంది?"

"రాజధాని యందు."

"అయితే గవ్వలపేట ఎక్కడుంది?"

"రాజధాని..." ఆయన ఆగిపోయారు.

"మరి ఇది ఏ ఊరండీ? మీరు నిలబడ్డది?"

కమిషనర్ గారు కింద నేలకేసి చూశారు. చుట్టూ చూశారు. జేబులోంచి తీర్మానం తీసి చదువుకున్నారు. పెదాలు కదులుతున్నాయి. గడ్డం కింద చెమట కారింది.

"సార్, మీరు గవ్వలపేట కమిషనర్ గారు. గవ్వలపేట నిన్న పొద్దున్నే లారీ ఎక్కి వెళ్ళిపోయింది. నిన్నటినుంచీ మీరు హెడ్‌క్వార్టర్సులో లేరు. సెలవు పెట్టారా?"

ఆ మాటతో ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. మీకు తెలీదేమో, ఆఫీసరన్నవాడు ఏ తప్పు చేసినా సర్దుకోవచ్చు గానీ, చెప్పకుండా హెడ్‌క్వార్టర్సు దాటడం మాత్రం క్షమించరాని నేరం. నిరంజనరావు గారు ఇన్నేళ్ళ ఉద్యోగంలో పెళ్ళాం పురిటికి కూడా అనుమతి కాగితం లేకుండా ఊరు దాటని మనిషి!

"అనుమతి లేకుండా... నిన్నటినుండి... పరాయి ప్రాంతమున..." అని గొణిగారు. "భీమేశ్వరరావ్! నీవు కూడ!"

"నేనూనా అండీ? నేనేం చేశానండీ బాబూ!"

"ఆ యంత్రము ఎవరిది? ఈ ప్రాంతమున దానిని నడుపుటకు మనకు అధికారము ఎచ్చటిది? ఆపించుము! ముందు ఆపించుము!"

యంత్రం ఆగింది. కమిషనర్ గారు హైమావతికి చేతులు జోడించారు. "అమ్మా, తాము చెప్పి మేలు చేసితిరి. లేనిచో ఇంకెన్ని దినములు ఇచ్చట అక్రమముగా ఉండెడివాడనో" అని, జీపు కూడా ముట్టకుండా, అది గవ్వలపేట జీపు కదా, ఇక్కడ వాడకూడదు కదా, బస్టాండుకి నడక సాగించారు. వెనకాల భీమేశం ఫైళ్ళ మూట నెత్తినెట్టుకుని పరుగెత్తాడు.

జనంలో ముందు ఎవరు మొదలెట్టారో గానీ, అందరూ నవ్వారు. దండోరాకి భయపడి నవ్విన నవ్వు కాదు, పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. గవర్రాజుకి గొంతు తిరిగొచ్చింది. "ఏమేవ్ హైమా, అందరూ వచ్చారు, కాఫీ పెట్టు! మన ఇల్లు ఉందిట!" అని కేకేశాడు.

రాజధానిలో ఆ ప్రదర్శనశాలలో గాజుపెట్టె పక్కన ఓ స్టూలు మీద నిరంజనరావు గారు ఇప్పటికీ కూర్చుంటున్నారట. వేళకి వస్తారు, వేళకి వెళ్తారు, పిల్లలెవరైనా పెట్టె మీద చెయ్యేస్తే ఆక్రమణ అంటారు. చాలా సుఖంగా ఉన్నారట, అక్కడ తీర్మానానికీ వాస్తవానికీ వెంట్రుకంత భేదం లేదుగా. ఇక్కడికి కొత్త కమిషనర్ని వెయ్యడానికి కుదరడం లేదు, ఆ ఉద్యోగం ఖాళీ లేదు కాబట్టి. కాలవ పూడిక అయితే వీధివాళ్ళే తీసుకుంటున్నారు.

సరే, వెళ్ళిరండి, పప్పు మాడుతుంది. ఈ కథ మర్చిపోకండి. మీ పిల్లలకి చెప్పండి, కోడళ్ళకి చెప్పండి, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకి చెప్పండి. నా పేరు చెప్పకపోయినా ఫరవాలేదు, హైమావతి పేరు మాత్రం చెప్పండి, ఆవిడకి పేరంటే ఇష్టం. ఒక్క జాగ్రత్త. మెళ్ళో కార్డు వేసుకున్న పెద్దమనిషెవరైనా, "ఈ గవ్వలపేట ఎక్కడుందమ్మా?" అని అడిగితే, రాజధానిలో గాజుపెట్టెలో ఉందని చెప్పండి. చెప్పి ఊరుకోకండి, బస్సెక్కించి మరీ రండి.